తీర్మానాల పుస్తకంలో మన మాట



ఉమ్మడి కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామాల పరిధిలో 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు సుమారు 5,900 ఎకరాలలో వెలసింది. అంతటి నేలకు కంచె పడినప్పుడు పట్టాదారుకు పరిహారముంటుంది. మరి మేకల కాపరికి, కౌలుదారుకు, ఖబరస్తాన్ బాటకు దిక్కెవరు? గ్రామసభే. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ అందులో సభ్యులేనని రాజ్యాంగం చెబుతోంది.

వీధిదీపం, మురుగుకాలువ అడగడానికి మనం సభకు వెళతాం. సౌర పలకల ఊసెత్తగానే మనది కాదని లేచివస్తాం. ఏళ్ల తరబడి దస్త్రాలు రాసిన మేము ఒక్కటే విన్నవిస్తున్నాం: తీర్మానాల పుస్తకంలోకెక్కని మాట రేపటికి అనని మాటే. బాటను, మేతభూమిని సర్వే నంబరుతో రాయించండి, చదివించుకొని వినండి, ఆపైనే సంతకం చేయండి. మన ఆడపడుచులనూ సభకు తీసుకురండి.