ప్రాణం దక్కాక బతుకూ దక్కాలి

వర్ధమాన దేశాల్లో విపత్తు నిర్వహణ, సుస్థిరాభివృద్ధి అనే అంశంపై జరుగుతున్న ఈ సదస్సుకు అధ్యక్షత వహించే గౌరవం కల్పించిన నిర్వాహకులకు నా కృతజ్ఞతలు.

విపత్తును ఒక శాఖకు, అభివృద్ధిని మరో శాఖకు అప్పగించడం మన ప్రభుత్వాలకు అలవాటు. ఆ రెండూ విడదీయరాని పనులని నా దృఢ విశ్వాసం. అందుకు బంగ్లాదేశ్ తీరాన్ని సాక్ష్యంగా మీ ముందుంచుతాను.

1970 నవంబరులో భోలా తుపాను అక్కడ కనీసం మూడు లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. 1991 ఏప్రిల్‌ తుపానులో దాదాపు 1,38,000 మంది చనిపోయారు. 2007లో దాదాపు అంతే తీవ్రతతో సిడర్ తుపాను విరుచుకుపడితే మృతులు సుమారు 3,400. భోలా తరువాత ప్రభుత్వమూ రెడ్‌క్రాస్ సంస్థా కలిసి ఊరూరా వాలంటీర్లను తయారుచేశాయి. జెండాలెగరేసి, మైకులు పట్టుకుని ఊరిని కదిలించేది వారే. తుపాను షెల్టర్లలో చాలావాటిలో మామూలు రోజుల్లో బడి నడుస్తుంది. పిల్లలు రోజూ వెళ్లే చోటు కనుక చీకట్లోనూ దారి తెలుస్తుంది, భవనమూ పాడుబడదు. 1991లో మగవారికంటే ఆడవారే చాలా ఎక్కువగా బలయ్యారు. ఆ పాఠంతోనే షెల్టర్లలో స్త్రీలకు వేరే గదులు, ఊళ్లలో మహిళా వాలంటీర్లు వచ్చారు. గొడ్డూగోదా వదిలి రాలేని రైతుల కోసం ఎత్తైన మట్టి దిబ్బలు వేశారు.

అయితే 2009 నాటి ఐలా తుపాను మరో సత్యం చెప్పింది. మృతులు రెండు వందల లోపే. కాని ఖుల్నా, సాత్‌ఖీరా ప్రాంతాల్లో కరకట్టలు తెగి ఉప్పునీరు చేలనూ మంచినీటి చెరువులనూ ముంచింది. ఏడాది దాటినా ఎన్నో కుటుంబాలు కట్టల మీదే గుడిసెల్లో గడిపాయి; ఎందరో పట్నాలకు వలసపోయారు. రొయ్యల చెరువులకు ఉప్పునీటి కోసం కట్టలను తవ్వి, గొట్టాలు దూర్చి బలహీనపరిచిన చోట్లు అక్కడ ఎన్నో. ఎగుమతుల లెక్కలో అభివృద్ధిగా కనిపించినదే ఆపదకు దారి తెరిచింది.

1977లో దివిసీమ ఉప్పెనను చూసిన మనకు ఇది పరాయి కథ కాదు. ముందే ఖాళీ చేయించి ప్రాణాలు కాపాడటం మన తీరమూ నేర్చుకుంది. 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు ఒడిశా దాదాపు పది లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించింది. ఇక రెండో మెట్టు ఎక్కాలి. ఎందరు చనిపోయారన్నదే కాక, మరుసటి పంటకాలానికి ఆ కుటుంబం అప్పులపాలు కాకుండా సొంత చేలో నాట్లు వేయగలిగిందా అనీ లెక్క తీయాలి. కట్ట తెగాక ఇచ్చే పరిహారంకన్నా ముందు, ఏటేటా కట్ట మరమ్మతుకూ మడ అడవుల రక్షణకూ బడ్జెట్‌లో నిధులు ఉండాలి. తీరంలో ఏ పథకానికి అనుమతి ఇచ్చినా, ఉప్పెన వస్తే దానివల్ల ఊరికి రక్షణ పెరుగుతుందా తరుగుతుందా అని ముందే తేల్చాలి.

పరిశోధక మిత్రులారా, ఈ లెక్కలు తీసే పద్ధతులను మీరు రూపొందించాలి. వాటిని తీర్మానాలుగా ప్రభుత్వాల ముందుంచే బాధ్యత ఈ సదస్సు స్వీకరించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.