కొండసైకిలుపై సాపుతారా యాత్ర



ఉష్ణదేశమున కొండలపై సైకిలు యాత్ర యనగానే జావా ద్వీపమో సింహళమో స్ఫురించుట సహజము. కాని సూరతు నగరము కర్కటరేఖకు దక్షిణమున, 21వ అక్షాంశమునకు చేరువనే యున్నది. నవసారి మార్గమందలి ఉన్ వాసులు ఇందుకై ఓడ యెక్క నక్కరలేదు. ఆగ్నేయమున డాంగ్ జిల్లాలో సహ్యాద్రి పంక్తులు కలవు. అందు సాపుతారా సుమారు 1000 మీటర్ల యెత్తున నున్నది. విశాఖవారెరిగిన అరకులోయ యెత్తునకు ఇంచుమించు సమానము.

కొండసైకిలు పుట్టినది అమెరికాలో. కాలిఫోర్నియా రాష్ట్రపు మరిన్ ప్రాంతమున కొందరు యువకులు పాతకాలపు లావు టైర్ల సైకిళ్లపై మట్టిబాటల వెంట కొండ దిగుచుండిరి. 1976లో వారారంభించిన పందెమునకు ‘రీప్యాక్’ అని పేరు. దిగుటలో వెనుకచక్రపు బ్రేకు మిక్కిలి కాగి, అందలి గ్రీజు పొగయై పోవుటచే మరల క్రొత్త గ్రీజు కూర్పవలసి వచ్చెడిది. పేరునకు కారణ మదియే. 1996లో అట్లాంటా ఒలింపిక్సునందు ఈ క్రీడకు స్థానము లభించెను. సైకిలు కొనువారు నేటికిని గేర్లెన్నియని యడుగుదురే కాని, బ్రేకుల సంగతి విచారించువారు తక్కువ. కనుమ దిగునపుడు గేర్లు కాపాడవు.

ఉన్ నుండి చీఖ్లీ, వాంస్దా, వాఘయిల మీదుగా సాపుతారాకు దాదాపు 150 కిలోమీటర్లు. ఇందు వాఘయి వరకు దారి చాలవరకు చదును. ఎక్కుడంతయు చివరి 50 కిలోమీటర్లలోనే యున్నది. శామ్‌గహాన్ దాటిన పిదప కనుమ మరింత నిటారు. ఇంటి గుమ్మమునుండి తొక్కితిమని చెప్పుకొను ముచ్చట కొందరికి కలదు. ఆ ముచ్చటకై లారీల నడుమ లావు టైర్లతో తారురోడ్డుపై బలమంతయు వ్యయపరచి, మిట్టమధ్యాహ్నము వాఘయి చేరి, అప్పుడు కొండ నెక్కబూనుట తెలివి కాదు. సైకిళ్లను బండిపై వాఘయికి చేర్చి, రాత్రి విశ్రమించి, ఉదయమున బయలుదేరుట మేలు.

వేసవి పనికిరాదు. జూన్ నడుమనుండి సెప్టెంబరు కడవరకు వానలు. అడవి మనోహరమే, కాని మట్టిబాట బురదయై చక్రములు తిరుగవు, వాగులు పొంగును. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు తగిన కాలము. సెలవు మంజూరైన దినములకు ఋతువు లొదుగవు గనుక, ఋతువును బట్టియే సెలవు కోరవలెను. మరియొక సంగతి: డిసెంబరులో విశాఖకన్న ఇచ్చట సూర్యోదయము సుమారు 45 నిమిషములు ఆలస్యము, ఇంచుమించు ఏడు గంటలకు సూర్యుడు ఉదయించును. స్వస్థలపు అలవాటున అయిదున్నరకే బయలుదేరినవారికి చీకటియే తోడు. దీపము తప్పనిసరి.

శీతకాలమున సైతము మధ్యాహ్నపు టెండ తేలికైనది కాదు. చదునున సైకిలు వేగమే గాలిని పుట్టించి దేహమును చల్లార్చును. ఎక్కుడున వేగము నడకకు దిగును. గాలి యుండదు, శ్రమ యినుమడించును. చెమట కారినంత చాలదు, అది ఆరిననే వేడి తగ్గును. కావున గంటకు అరలీటరు మొదలు ముప్పాతిక లీటరు నీరు త్రాగవలెను. దీర్ఘశ్రమలో వట్టి నీరే యధికముగా త్రాగిన రక్తమున లవణము పలుచనగును. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మనీరు తోడుండవలెను. సహచరుని మాట తడబడినను, నడక తూలినను, అతడు మొండిగా ‘నాకేమియు కాలేదు’ అన్నను, యాత్ర అచ్చటనే ఆపవలెను. నీడకు చేర్చి, ఒడలు తడిపి, విసరుచు, వెంటనే వైద్యసహాయము కోరవలెను. స్పృహ తప్పినవాని నోట నీరు పోయరాదు. వడదెబ్బ ప్రాణము తీయును. శిఖరము మరునాడును అచ్చటనే యుండును.

అడవిబాటలకు అటవీశాఖ అనుమతి ముందే పొందవలెను. వాంస్దా జాతీయోద్యానమున అనుమతి లేక ప్రవేశింపరాదు. ట్యూబులు, పంపు, పంక్చరు సామగ్రి, గొలుసు సరిచేయు పనిముట్టు ఒక్కరి సంచిలోనే కాక ఇరువురికి పంచవలెను. ఏ దినమున ఏ యూర నుందురో ఇంటివారికి వ్రాసి యిచ్చుట మంచిది. బడోదా సంస్థానకాలమున, 1913లో వెలసిన బిల్లిమోరా–వాఘయి చిన్నరైలు మార్గము కలదు గనుక, అలసినవారు తిరుగుదారిలో రైలెక్క జూతురు. ఆ దినమున రైలు నడచునో లేదో, అందు సైకిళ్ల నెక్కింతురో లేదో బిల్లిమోరా స్టేషనులో ముందుగానే విచారించుకొనవలెను.