టెస్టు చెయ్యని సరుకు
(తిరుపతిలో సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరినారు. వ్యాపారమంటే చానా పెద్ద మాట. మాకు తెలిసింది పాత సామాన్ల వ్యాపారం ఒక్కటే. అందులోనూ యీ మధ్య మన పిల్లలు కొందరు దిగిన ఒక చిన్న పాయ గురించే చెబుతాము. అది పాత కంప్యూటర్ కార్డుల బేరం. యిదేమి విడ్డూరమని ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు వినబడుతోంది. నవ్వవచ్చు గాని, యీ కార్డుల మూలంగానే పోయిన యేడాది మనవాళ్ళలో రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయినాయి. అందుకే చెప్పవలసి వచ్చింది.

కార్డు అంటే యేమిటో తెలియనివారి కోసం ఒక మాట. 1981లో ఐ.బి.ఎం. వారి పి.సి. వచ్చింది. దాని లోపల పొడుగాటి గాళ్ళు వుండేవి. బొమ్మ కోసం ఒక కార్డు, డిస్కు కోసం ఒకటి, ప్రింటరుకు ఒకటి, యిట్లా ఆ గాళ్ళలో గుచ్చేవారు. కార్డు అంచున బంగారు పూత పూసిన రేకులు 62 వుంటాయి, ముందు 31, వెనుక 31. 1984లో ఏ.టి. మిషను వచ్చినప్పుడు దాని పక్కనే ఇంకో 36 చేర్చినారు. మన బ్యాంకుల్లో 1980లలో లెడ్జరు పోస్టింగు మిషన్లు పెట్టినప్పుడు, కాలేజీల్లో కంప్యూటరు గదులు తెరిచినప్పుడు యిట్లాంటి బోర్డులు కుప్పలుగా వచ్చినాయి. అంతకు ముందే, 1967లో హైదరాబాదులో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. వారు టి.డి.సి. పేరుతో కంప్యూటర్లు తయారుచేసినారు. కాలం తీరినాక యివన్నీ వేలంలో గుజరీకే చేరినాయి. కిలో లెక్కన మద్రాసు రిచీ స్ట్రీటుకు, బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు, సికిందరాబాదు పార్క్ లేనుకు పోయేవి పోయినాయి. మిగిలినవి మన అంగళ్ళ వెనుక గోతాల్లో పడివున్నాయి.

వాటిని యిప్పుడు యెవరు కొంటారు? రెండు రకాలవాళ్ళు కొంటారు. పాత మిషన్లను మళ్ళీ బతికించి చూసుకొని మురిసిపోయే షోకు మనుషులు దేశదేశాల్లో వున్నారు. రెండోవాళ్ళు ఫ్యాక్టరీలవాళ్ళు. ముప్పై యేండ్ల కిందటి లేతు మిషను బ్రహ్మాండంగా తిరుగుతూ వుంటుంది, దాని లోపల కంప్యూటరు కార్డు మాత్రం కాలిపోతుంది. కొత్త మిషను కొనాలంటే లక్షలు. అందుకని ఆ పాత కార్డు కోసం గాలిస్తారు. గుజరీలో తూకానికి పోయే ముక్కకు వాళ్ళ చేతిలో తూకంతో సంబంధం లేని ధర వస్తుంది. మన పిల్లలు కనిపెట్టింది యిదే. తెలివైన పనే.

చిక్కంతా ఒక్క మాట దగ్గర వుంది. "టెస్టు చెయ్యలేదు" అని రాసి అమ్ముతారు. పుంగనూరు ఆవును కొనేటప్పుడు పండ్లు పట్టి చూస్తాము, పొదుగు తడిమి చూస్తాము. కార్డును తడిమితే యేమి తెలుస్తుంది? చెరువులో మునిగివున్న ఎనుమును గట్టు మీద నిలబడి బేరమాడినట్టే.

అయినా ఆ మాట అన్నవాళ్ళందరూ మోసగాళ్ళని మేము అనము. కార్డు చూడాలంటే దానికి తగిన గాడి వున్న మిషను కావాలి. 1992లో పి.సి.ఐ. అనే కొత్త గాడి వచ్చింది, క్రమేణా పాత గాళ్ళున్న మిషన్లు మాయమైనాయి. ఒకవేళ మిషను దొరికినా, యేండ్ల తరబడి కరెంటు తగలని కార్డుకు ఒక్కసారిగా కరెంటు యిస్తే దాని మీది చింతగింజంత టాంటలం కెపాసిటరు షార్టయి టప్పుమని పేలవచ్చు. బాగున్నది కూడా చూడబోయి చెడగొట్టినట్టవుతుంది. కనుక టెస్టు చెయ్యకుండా అమ్మడం ఒక్కోసారి మంచి పద్ధతే.

కొనేవాడు కూడా కళ్ళు మూసుకొని కొననక్కర లేదు. 286, 386 మదర్‌బోర్డుల మీద పీపా ఆకారంలో చిన్న బ్యాటరీ వుంటుంది. అది కారి చుట్టూ పచ్చగా చిలుము పట్టిందేమో చూడాలి. కొన్ని ఐసీలకు నడుమ అద్దం కిటికీ వుండి, దాని మీద స్టిక్కరు అంటించి వుంటుంది. శుభ్రం చేద్దామని ఆ స్టిక్కరు పీకి యెండలో పెట్టినారా, లోపలి రాత చెరిగిపోతుంది. మన పిల్లలు యీ పని తరచుగా చేస్తున్నారు, దయచేసి చెయ్యవద్దు. ఇక మల్టీమీటరు అందరి దగ్గరా వుంది. కార్డును బయటే వుంచి, టంకం వేసిన వైపు బ్రాకెట్టు పక్కనుంచి లెక్కపెడితే మొదటి రేకు గ్రౌండు, మూడోది 5 వోల్టులది, తొమ్మిదోది 12 వోల్టులది. మొదటిదానికీ తక్కిన రెంటికీ మధ్య మీటరు కూత పెడితే ఆ కార్డును మిషనులో పెట్టనే కూడదు. యిది పూర్తి పరీక్ష కాదు, నాడి పట్టి చూడటమే. అయినా చానా తెలుస్తుంది.

ఇప్పుడు ఆ తగాదా సంగతి. పేర్లు చెప్పము. ఒక అబ్బాయి చీటీ పాడిన డబ్బు పెట్టి యింకొక అబ్బాయి దగ్గర నలభై కార్డుల గోతం గంపగుత్తగా కొన్నాడు. టెస్టు చెయ్యని సరుకు అనే బేరం. తర్వాత యెట్లనో ఒక పాత మిషను సంపాదించి ఒక్కొక్కటే పెట్టి చూసినాడు. నలభైలో ఒక్కటీ పలకలేదు. అనుమానమొచ్చి తిప్పి చూస్తే ప్రతి కార్డు బ్రాకెట్టు కిందా యెర్ర మార్కరుతో చిన్న చుక్క వుంది. వేరేవాళ్ళు యెవరో ముందే చూసి, బాగున్నవి యేరుకొని, చెడినవాటికి చుక్క పెట్టి గోతంలో వేసినారన్నమాట.

పంచాయితీ పెద్దల ముందుకు వచ్చింది. ఒక పెద్దాయన అమ్మిన అబ్బాయిని ఒకే ప్రశ్న అడిగినాడు. "నాయనా, యీ కార్డుల్ని మిషనులో పెట్టి చూసినట్టు నాకు తెలియదని అందరి ముందూ చెప్పగలవా?" ఆ అబ్బాయి తల వంచుకొని, "నేను చూళ్ళేదు చాచా, మా అన్న చూసినాడు" అన్నాడు. సగం డబ్బు వాపసు వచ్చింది. మాటలు మాత్రం యింకా కలవలేదు.

ఆ పెద్దాయన ఆ ప్రశ్న సొంతంగా పుట్టించింది కాదు. ఇమాం మాలిక్ గారి ముఅత్తాలో ఒక వృత్తాంతం వుంది. బానిసల క్రయవిక్రయాలు వున్న కాలమది. హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమర్ గారు ఒక బానిసను, లోపాలకు నాకు పూచీ లేదనే షరతు మీద 800 దిర్హములకు అమ్మినారు. మనిషికి జబ్బు వుందని, తనకు చెప్పలేదని కొన్నవాడు ఫిర్యాదు తెచ్చినాడు. అప్పుడు ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ గారు, అమ్మేనాటికి ఆ జబ్బు సంగతి తనకు తెలియదని ప్రమాణం చెయ్యమన్నారు. ఇబ్న్ ఉమర్ గారు ప్రమాణానికి ఒప్పుకోక మనిషిని వాపసు తీసుకున్నారు. తర్వాత అతనికి నయమై 1500 దిర్హములకు పోయినాడు. పూచీ లేదనే షరతు యెంతవరకు చెల్లుతుందనే దాని మీద ఫిఖా పండితులలో అభిప్రాయభేదాలు వున్నాయి, అవి ఉలమాలు చెప్పవలసినవి. మేము గమనించింది ఒకటే. అక్కడ షరతు వుందా లేదా అని అడగలేదు, నీకు తెలుసా తెలియదా అని అడిగినారు. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా తెలిసిన సంగతిని కావాలని కప్పిపెట్టడాన్ని మోసం కిందనే లెక్కగట్టింది.

కనుక అమ్మేవాళ్ళకు మా మనవి. "టెస్టు చెయ్యలేదు" అనే రెండు మాటలతో సరిపెట్టక ఇంకో రెండు వాక్యాలు రాయండి. సరుకు యెక్కడ నుంచి వచ్చింది, మీకు ముందు యెవరైనా యేరుకున్నారా, యిది రాయండి. చెడిందని తెలిస్తే చెడిందనే రాసి అమ్మండి. దాని మీది ఐసీల కోసమైనా కొనేవాళ్ళు వుంటారు. ధర తగ్గుతుంది, నిజమే.

టెస్టు చెయ్యని సరుకు అమ్మకమే మానుకోవాలని కొందరు పెద్దలు అంటున్నారు. మేము దానికి ఒప్పుకోము. అమ్మకం ఆగితే ఆ గోతాలు యెక్కడికి పోతాయి? బంగారు పూత కోసం యాసిడ్‌లోకి పోతాయి. పెరట్లో బోర్డులు కాల్చడం, యాసిడ్‌లో వెయ్యడం, ఆ టంకంలోని సీసం పొగ పిల్లలు పీల్చడం యెంత ప్రమాదమో మీకు తెలుసు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం విడగొట్టి లోహం తీసేవారు, బాగుచేసి అమ్మేవారు రిజిస్టరు చేసుకోవాలి. యీ పని పెద్దయెత్తున చెయ్యదలచిన పిల్లలు ముందు ఆ సంగతి కనుక్కోవాలి.

చివరగా ఒక విన్నపం. సంఘం గదిలో ఒక పాత 486 మిషనును నిలబెట్టినాము. ఆదివారం జొహర్ నమాజు తర్వాత కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు కలిసి వచ్చి యెదురెదురుగా కార్డు పెట్టి చూసుకోవచ్చు. మిషను బాగానే లేస్తోంది గాని కీబోర్డు లేదు. యిప్పటివి దానికి పట్టవు. అయిదు పిన్నుల లావు గుండ్రటి మూతి వున్న కీబోర్డు యెవరింట్లోనైనా అటక మీద పడివుంటే, గుజరీకి వెయ్యకుండా గదికి పంపించండి.