గడప దగ్గర లెక్క
(షోలాపూర్ కొంతం చౌక్ సభలో చదివిన ధనంజయ గాడ్గిల్ స్మారకోపన్యాసం)



ధనంజయ రామచంద్ర గాడ్గిల్ గారిని దేశం ఒక సూత్రంతో గుర్తుపెట్టుకుంది. రాష్ట్రాలకు కేంద్ర ప్రణాళికా సాయం పంచడానికి 1969లో వచ్చిన గాడ్గిల్ సూత్రం పాఠ్యపుస్తకాల్లో ఉంది. ప్రవరా వైపు చెరకు రైతులు ఆయన్ను విఠల్‌రావ్ విఖే పాటిల్‌కు తోడు నిలిచి సహకార చక్కెర కార్ఖానా పెట్టించిన మనిషిగా తలుస్తారు. కొంతం చౌక్ తలుచుకునే కారణం వేరు. మగ్గం ఉన్న ఇంటి గడప దగ్గర కూర్చుని, అడిగి రాసుకున్న లెక్క లేనిదే ఆర్థిక చరిత్ర లేదని నమ్మినవాడు ఆయన.

ఆయన జీవితం సభకు తెలిసిందే. 1901లో పుట్టారు, కేంబ్రిడ్జిలో చదివారు. అక్కడి పరిశోధనే 1924లో భారత పారిశ్రామిక పరిణామంపై పుస్తకమై వచ్చింది. 1930లో పుణెలో గోఖలే సంస్థ మొదలైనప్పుడు దానికి తొలి డైరెక్టరు. 1967లో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు. 1971 మే 3న కన్నుమూశారు.

గురువుగా ఆయన ఏం చేశారో చెప్పడానికి ఈ ఊరే సాక్ష్యం. బొంబాయి దక్కను పట్టణాల చేతివృత్తులపై ఎన్.ఎం. జోషి పుస్తకం 1936లో, షోలాపూర్ నేత కులాల స్థితిగతులపై ఆర్.జి. కాకడే సర్వే 1947లో గోఖలే సంస్థ నుంచి వచ్చాయి. 1965లో గాడ్గిల్ గారే షోలాపూర్ నగరంపై పుస్తకం వేశారు. ముప్పై ఏళ్లలో మూడుసార్లు ఆ సంస్థ మన వీధుల దాకా వచ్చింది.

పేష్వాల కాలం, పేటల పుట్టుక, కోట సంగతులు ఇక్కడ వద్దు. వాటిపై మరాఠీలో కావలసినంత ఉంది. నా పరిశోధన సాగిన కాలం 1860 నుంచి 1947 దాకా. అసలు కథ కూడా అక్కడే ఉంది.

తెలంగాణ పద్మశాలీలు షోలాపూర్ ఎందుకొచ్చారని అడిగితే ఏ ఇంట్లోనైనా ఒకటే జవాబు: కరువు. 1876-78 కరువు నిజం, ఆకలి నిజం. కానీ సంవత్సరాలను వరసగా పేర్చి చూడాలి. 1860 నాటికి బొంబాయి రైలు షోలాపూర్ చేరింది. 1874 నాటికి వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలుదారి పడింది. ఆ తర్వాతే కరువు. 1877లో ఇక్కడ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, అంటే మన జూనీ మిల్లు, వచ్చింది. ఆకలి మనిషిని ఊరు విడిపిస్తుంది. ఏ ఊరికి పోవాలో చెప్పేది నూలు, రంగు, గిరాకీ. మిల్లు నూలు దొరికే చోటు, మరాఠీ ఆడవాళ్లు కట్టే తొమ్మిది గజాల రంగు చీరకు బేరమున్న చోటు, రైలు ఎక్కించి సరుకు పంపగలిగే చోటు ఇదే. ముందొచ్చిన వాళ్ల ఇంట్లో దిగి, వాళ్ల మగ్గం మీదే పని అందుకోవడం తర్వాతి వాళ్లకు దారి అయింది.

20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో గుంట మగ్గానికి తాడు లాగితే పరుగెత్తే నాడె వచ్చింది. నేత వేగం పెరిగింది. ఒకే కప్పు కింద పలు మగ్గాలు వేసి, నూలు తానే కొని, కూలికి నేయించే కార్ఖాన్‌దారు తయారయ్యాడు. అతనిదీ మన కులమే, కూలివాడిదీ మన కులమే. కుల మూలపురుషుడు మార్కండేయుడి రథం ఇద్దరూ కలిసే లాగారు. వారం చివర కూలి దగ్గర మాత్రం ఇద్దరూ ఎదురెదురు.

మగ్గం ఇలా సాగింది గనుక ఇక్కడ చరిత్రకారుల తగువు ఒకటి చెప్పక తప్పదు. 1924 పుస్తకంలో గాడ్గిల్ గారు పట్టణ చేతివృత్తులు క్షీణించడానికి మూడు కారణాలు చెప్పారు: దేశీ సంస్థానాల దర్బార్లు పోవడం, పరాయి పాలనతో వచ్చిన కొత్త అభిరుచులు, యంత్రాల పోటీ. తర్వాత 1962లో డేనియల్ థార్నర్ 1881-1931 జనగణనలు తిరగేసి, పరిశ్రమల్లో బతికే జనం వంతు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదన్నాడు. 1963లో మోరిస్ మోరిస్ చవక మిల్లు నూలు మగ్గానికి బలమే ఇచ్చిందన్నాడు. 1968లో బిపన్ చంద్ర మోరిస్‌కు గట్టిగా ఎదురు రాశాడు. మన కాలంలో తీర్థంకర్ రాయ్, డగ్లస్ హేన్స్ చేనేత చావలేదు, తనను తాను మార్చుకుందని చూపించారు. వాళ్ల వాదానికి షోలాపూర్ మంచి ఉదాహరణ.

రాయ్, హేన్స్‌ల మాట ఈ ఊరి విషయంలో ఒప్పుకోవలసిందే. పేచీ థార్నర్‌తో. ఆడవాళ్ల పనిపై జనగణన అంకెలు నమ్మదగ్గవి కావని ఆయన వాటిని పక్కన పెట్టి, మగవాళ్ల అంకెల మీదే తీర్పు కట్టాడు. అంకెలు చెడ్డవన్నది నిజమే. కానీ చెడ్డ అంకెను తీసేస్తే పని కూడా పోయినట్టేనా? కండెలు చుట్టిందెవరు? రాట్నం తిప్పిందెవరు? పడుగు సాగదీసి గంజి పెట్టేటప్పుడు రెండో కొస పట్టుకున్నదెవరు? నాడె వేగం పెరిగితే పేక త్వరగా అయిపోతుంది, కండెలు ఎక్కువ కావాలి. అంటే కొత్త నాడె మగవాడి చేతిని తేలిక చేసి ఆడదాని చేతికి పని పెంచింది. ఆ కూలి విడిగా రాయలేదు. మగవాడి పేరున పడ్డ కూలిలోనే కలిసిపోయింది. మగ్గం బతికిందని రాసేవాళ్లు అది ఎవరి రెక్కల మీద బతికిందో కూడా రాయాలి. జనగణన దగ్గర ఆగిపోతే ఈ సంగతి తెలియదు. ఇంటింటికీ వెళ్లి, ఒక్కో మగ్గానికి ఎంతమంది చేయి పడుతోందని అడిగితే తెలుస్తుంది. గాడ్గిల్ గారు అప్పగించిన పద్ధతి విలువ అదే. ఆయన మూడు కారణాలు షోలాపూర్‌కు పూర్తిగా అతకకపోయినా, వాటిని సరిచూసుకునే దారి కూడా ఆయన శిష్యులే వేసిపెట్టారు.

సమయం దగ్గరపడుతోంది గనుక మిగతాది క్లుప్తంగా. 1930 మేలో స్వాతంత్ర్య పోరులో ఈ ఊరిపై పెట్టిన మార్షల్ లా, 1931 జనవరి 12న ఎరవాడలో మల్లప్ప ధన్‌శెట్టి, జగన్నాథ్ శిందే, కిసన్ సారడా, కుర్బాన్ హుస్సేన్‌ల ఉరి ప్రతి ఇంటికీ తెలుసు. 1949లో జూనీ మిల్లు మూతపడితే 1950లో ప్రభుత్వం ప్రత్యేక చట్టంతో చేతిలోకి తీసుకుంది. దానిపై నడిచిన వ్యాజ్యాలు 1950లోనూ 1953లోనూ సుప్రీంకోర్టులో ఆస్తి హక్కు తీర్పులకు కారణమయ్యాయి. చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది. చీర పోయి జకార్డు చద్దరు, టెర్రీ టవల్ వచ్చాయి. షోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పానిపట్ సరుకుతో పోటీ ఆగలేదు.

కండె చుట్టిన చేతులు బీడీకి మళ్లాయి. తునికాకు కత్తిరించడం, పొడి నింపడం, దారం చుట్టడం ఇంటి గడప మీదే. ఆ ఆడవాళ్ల కోసం గోదూతాయి పరుళేకర్ పేరిట 10,000 ఇళ్ల సహకార కాలనీ లేచింది. 2024 జనవరి 19న రాయ్‌నగర్‌లో మరో 15,000 ఇళ్లు అసంఘటిత కార్మికులకు అందాయి. చెరకు రైతులకు గాడ్గిల్ గారు చూపిన సహకారం ఇక్కడ ఇంటి రూపంలో వచ్చింది.

ఆ ఇళ్లలో ఒక్కో చేయి రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తోంది, ఆ కూలి ఎవరి పేరున పడుతోంది? కాకడే సర్వే లాంటిది మళ్లీ జరగాలి. ప్రశ్నలు తెలుగులో, మరాఠీలో అడగగల పిల్లలు ఈ సభలోనే వెనక వరసల్లో కూర్చున్నారు. మొదటి గడప కొంతం చౌక్‌లోనే ఉంది.