చక్రములపై పౌరుషము
(అమరాపురము పఠనమందిరమున జేసిన యుపన్యాసము)



చక్రములు గట్టిన పలకపై బాలురు జారుట గాంచి మనలో పెక్కురు అల్లరి యందురు. మేమును మొదట నట్లే తలంచితిమి. కాని 2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలందు స్కేట్‌బోర్డు తొలిసారి ప్రవేశింపగా, పదుమూడేండ్ల జపాను బాలిక మొమిజి నిషియా స్వర్ణపతకము గెలిచినది.

తెలుగువారికిని చక్రవిద్య క్రొత్త గాదు. హైదరాబాదు యువకుడు అనూప్ కుమార్ యామ చక్రపాదరక్షలపై నృత్యగతుల నభ్యసించెను. చక్రక్రీడలు ఆసియా క్రీడలలో మొదట చేరిన 2010లోనే గ్వాంగ్జౌ నగరమున ఒంటిగా నొకటి, అవనీ పంచాల్‌తో జంటగా నొకటి, రెండు కాంస్యపతకములు గెలిచెను. 2015లో అర్జున పురస్కార మందెను.

మన బాలురకు ధైర్యము కొఱవడలేదు. కొఱవడినది నున్నని నేల. గుంతలబాటపై చక్రము నిలువదు. లారీల నడుమ బిడ్డను విడువరాదు. పాఠశాల యావరణమున సిమెంటు చదును, తలకును మోకాళ్లకును కవచములు, ఇవి యున్న జాలును.

గట్టు తగాదాలకై మనవారు కచ్చేరులలో వ్యయించు ధనము న్యాయవాదులమగు మేమెఱుగుదుము. అందొక పాలు దీనికి జాలదా? ఎల్లరు పతకములు దేరు. పడి లేచుట మాత్ర మెల్లరు నేర్తురు. మొదటి చందా మాది.