పుట్టింటి ధర్మం



భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ వరకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో తంగేడు పువ్వు లేని సిబ్బి కనిపించదు. ఆ మొక్కకు నీరు పోసేవారు లేరు. బీడు నేలలో, బాట ప్రక్కన తనంతట తానే మొలచి బంగారంలా పూస్తుంది. కొమ్మ విరిచినా మరల చిగురిస్తుంది. 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పంగా గౌరవం పొందినది ఈ సామాన్య పుష్పమే.

ఇక సముద్రం వైపు మనస్సు మరల్చండి. సముద్రం మనకు దూరమే గాని, ధర్మానికి దూరాలు లేవు. చేపలన్నిటిలో పెద్దది తిమింగల సొర. అంతటి దేహం ఉండి కూడా మనిషి జోలికి రాదు. నోరు తెరచి ఈదుతూ నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది. అది పిల్లలను కనే వయస్సుకు రావడానికే దశాబ్దాలు పడుతుంది. తంగేడు కొమ్మ వలె అది మరుసటి ఏటికి చిగురించదు.

గుజరాత్ తీరంలో దానిని నూనె కోసం, మాంసం కోసం వేటాడేవారు. 2001లో మన వన్యప్రాణి చట్టం దానికి పూర్తి రక్షణ కల్పించింది. 2016లో ప్రపంచ స్థాయిలో అది అంతరించే ప్రమాదమున్న జాతిగా గుర్తింపబడింది. కాని చట్టం చేరని చోటికి ఒక మాట చేరింది. 2004 నాటి ప్రచారంలో రామకథా ప్రవక్త మొరారి బాపు ఆ సొరను కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డతో పోల్చారు. 'వ్హాలీ' అని, అంటే ముద్దుబిడ్డ అని దానికి పేరు వచ్చింది. నాటి నుండి అక్కడి జాలరులు తమ వలలు తామే కోసి వందలాది సొరలను విడిచిపెట్టారు. 2021 డిసెంబరులో విశాఖ సమీపాన తంతడి తీరంలో వలలో చిక్కిన సొరను కూడా మరల సముద్రంలోకి పంపారు. సత్యవ్రతుని దోసిలిలో పడి శరణు వేడిన మత్స్యమూర్తి కథ వింటూ పెరిగిన జాతికి ఇది తగిన పని.

బతుకమ్మ కూడా ఆడబిడ్డ పుట్టింటికి వచ్చే పండుగే కదా! కొల్లలుగా ఉన్నదానిని మితంగా వాడుకోవడం, కొరతగా ఉన్నదానిని ముట్టకుండా కాపాడడం — రెండూ ఒకే ధర్మానికి రెండు ముఖాలు. శివారు బీడులు ఇండ్ల స్థలాలుగా మారిన చోట తంగేడుకు కూడా నిలువ నీడ ఉండదు. కనుక తల్లులారా, పూవు కోయండి, చెట్టు పెరకకండి. విత్తనానికి కొన్ని పూలు కొమ్మనే ఉంచండి. వచ్చే ఏడు గౌరమ్మకు అవే కావాలి.

శుభమ్.