ఫోటో తీసే ముందు ఒక మాట

పోయినసారి లెన్సుల గురించి చెప్పుకున్నాం కదా, ఇవాళ లెన్సుకి అవతల ఉండే మనిషి గురించి. "మనుషుల్ని అడిగి తీస్తారా, అడక్కుండా తీస్తారా?" అని చాలామంది అడుగుతుంటారు. నేను అడిగే తీస్తాను. ఎందుకో చెప్తాను.

ఇక్కడ అమెరికాలో చట్టం చాలావరకు కెమెరా ఉన్నవాడి వైపే ఉంటుంది. ఫిలిప్ లోర్కా డికోర్సియా అనే ఫోటోగ్రాఫర్ న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో దారినపోయేవాళ్ళ ముఖాలు వాళ్ళకి తెలియకుండా తీసి గ్యాలరీలో పెట్టాడు. అందులో ఉన్న ఒక పెద్దాయన, ఇది మా మతాచారానికి విరుద్ధం అని కోర్టుకెళ్ళాడు. అది కళ కిందికే వస్తుందని 2006లో కోర్టు కేసు కొట్టేసింది. అదే పని దుబాయ్‌లో చేస్తే నేరం కావచ్చు. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది, ఎదుటి మనిషి ఇబ్బంది మాత్రం మారదు.

డొరొథియా లాంగ్ తీసిన 'మైగ్రెంట్ మదర్' మీలో చాలామంది చూసే ఉంటారు. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో, బఠాణీ కోత కూలీల మకాంలో తీసింది. ఆ ఫోటో పేపర్లో పడ్డాక ప్రభుత్వం ఆ మకాంకి తిండి పంపింది. అప్పటికే ఆ తల్లి పిల్లలతో వెళ్ళిపోయింది. లాంగ్ ఆమె పేరు అడగలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆ పేరు 1978 దాకా లోకానికి తెలియలేదు.

ఇక మన సంగతి. సెలవుల్లో ఊరెళ్తాం. నాట్లేసే ఆడవాళ్ళు కనపడగానే కారు దిగకుండానే జూమ్ చేసి కొట్టేస్తాం. దిగి, "పెద్దమ్మా, ఒక ఫోటో తీసుకోనా?" అంటే ఏమవుతుంది? ఆవిడ చెంగు నిండుగా కప్పుకుని, నవ్వు ఆపుకుని, నిటారుగా నిలబడుతుంది. "సహజత్వం పోయింది" అంటారు మా ఫోటోల బ్యాచ్‌. తను ఎలా కనపడాలో ఆవిడే నిర్ణయించుకుంది, అంతే కదా! నేను ముందు ఆ ఫోటోనే తీస్తాను. మాటల్లో పడ్డాక ఇంకోటి. వద్దంటే కెమెరా దించేస్తాను. పిల్లలైతే అమ్మానాన్నల్ని అడుగుతాను.

తిరిగొచ్చేలోపు టౌన్లో ప్రింటు వేయించి ఇస్తాను. అలా ఇచ్చినదొకటి రెండేళ్ళ తర్వాత గోడమీద దండతో కనిపించింది. ఆధార్ కార్డు మీది బొమ్మ తప్పిస్తే, ఆ ఇంట్లో ఆవిడ ఫోటో అదొక్కటే. వాళ్ళు ఫ్రేము కట్టించుకున్నది, నిటారుగా నిలబడినదే.

అడిగితే కొన్ని మంచి ఫోటోలు పోతాయి, నిజమే. సమ్మె దగ్గరో లాఠీచార్జి దగ్గరో పేపరువాళ్ళు అడుగుతూ కూర్చోలేరు, వాళ్ళ బాధ్యత వేరు. సరదాకి తీసుకునే నాకు ఆ తొందరేముంది?

మీరేమంటారో వాయిస్ మెసేజ్ పెట్టండి. విభేదించినా సరే, తప్పకుండా వినిపిస్తాను. ఉంటాను మరి.